ఉన్నత న్యాయస్థానముల తీర్పులు: వాని ప్రకటన

న్యాయస్థానము తీర్పు చెప్పుట వేరు. ఆ తీర్పు లోకమునకు తెలియుట వేరు. మొదటిది నిండు కొలువులో జరుగును. రెండవది అచ్చుకూటము మీదను, గ్రంథాలయము మీదను, ఇటీవలి కాలమున కంప్యూటరు మీదను ఆధారపడియుండును. ఈ రెండింటి నడుమ ఉన్న దూరమును గూర్చి ఈ పూట శ్రోతలకు కొన్ని సంగతులు మనవి చేయదలచితిమి. ఇది ప్లీడర్లకు మాత్రమే పట్టిన విషయమని తోచవచ్చును. కాని ఎకరము పొలమున్న రైతు మొదలుకొని, పుట్టింటి ఆస్తిలో తనకు భాగమున్నదో లేదో తెలియని ఆడపడుచు వరకు అందరికిని దీనితో నిమిత్తము కలదు.

క్రింది కోర్టులో దావా నడచునపుడు ముఖ్యముగా తేలవలసినవి జరిగిన సంగతులు. పత్రము వ్రాసినవారెవరు? రొక్కము ముట్టినదా, లేదా? పొలము గట్టు జరిపినవారెవరు? సాక్షుల నోటను, దస్తావేజుల వలనను వీనిని తేల్చి కోర్టువారు తీర్పు చెప్పుదురు. ఆ తీర్పు ఆ కక్షిదారులకును, వారి వారసులకును వర్తించును. పొరుగూరివారికి దానితో పనిలేదు. వ్యవహారము అప్పీలులో పై కోర్టుకు పోయి, చట్టములోని ఫలానా మాటకు అర్థమేమి అను ప్రశ్న వచ్చినపుడు స్థితి మారును. హైకోర్టు చెప్పిన అర్థమును దాని క్రింది కోర్టులన్నియు పాటింపవలెను. సుప్రీంకోర్టు నిర్ణయించిన న్యాయమునకు దేశములోని కోర్టులన్నియు బద్ధములని రాజ్యాంగము 141వ అధికరణము చెప్పుచున్నది. ప్లీడర్లు దీనినే ‘రూలింగు’ అని వ్యవహరింతురు. ఇద్దరు కక్షిదారుల జగడములో పుట్టిన మాట, ఈ విధముగా, ఆ జగడము ఊసే ఎరుగని కోట్లాది ప్రజలకు శాసనమగుచున్నది.

శాసనసభ చేసిన చట్టము గెజెట్టులో ప్రకటింపబడును. చట్టము తెలియదనుట సమాధానము కాదని మనకు చెప్పుదురు. అది న్యాయమే కావచ్చును. కాని తెలిసికొనదలచిన వానికి తెలిసికొను మార్గముండవలెను గదా! రూలింగు కూడ చట్టము వలెనే మన ఆస్తిపాస్తుల మీదను, స్వేచ్ఛ మీదను పనిచేయుచున్నపుడు, దానిని చదువుకొను హక్కు కూడ చట్టమును చదువుకొను హక్కుతో సమానమైనదే.

ఒక ఉదాహరణమును చూడుడు. హిందూ ఉమ్మడి కుటుంబములో కుమార్తెలకు పుట్టుకతోనే భాగము కల్పించుచు ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986లో ఒక సవరణ చేసినది. కాని అప్పటికే వివాహమైన కుమార్తెలకు అది వర్తింపలేదు. పిమ్మట పార్లమెంటు చేసిన సవరణ 2005 సెప్టెంబరు 9వ తేదీన అమలులోనికి వచ్చి, కుమార్తెలకు కుమారులతో సమాన హక్కు నిచ్చినది. ఆ తేదీ నాటికి తండ్రి జీవించియుండవలెనా అను ప్రశ్న పుట్టినది. జీవించియుండవలెనని సుప్రీంకోర్టు 2015లో ఫూలవతి కేసులో చెప్పినది. 2018లో వేరొక ధర్మాసనము, దానమ్మ కేసులో, తండ్రి 2001లోనే మరణించిన కుటుంబమున కూడ కుమార్తెలకు భాగమిచ్చినది. 2020 ఆగస్టు 11వ తేదీన ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనము, వినీతా శర్మ కేసులో, కుమార్తె హక్కు జన్మచేత వచ్చునదే గనుక తండ్రి ఆ నాటికి జీవించియుండ నవసరము లేదని తేల్చి, 2015 నాటి నిర్ణయమును త్రోసివేసినది. అయితే 2004 డిసెంబరు 20వ తేదీకి పూర్వము చట్టబద్ధముగా ముగిసిన పంపకములను తిరగదోడరాదు.

తండ్రి 2005కు ముందే పోయిన ఒక ఆడపడుచు 2015 నాటి తీర్పును మాత్రము విని, 2020 నాటి తీర్పును వినకుండినచో ఏమగును? తనకేమియు లేదనుకొని, అన్నదమ్ములు చూపిన కాగితము మీద సంతకము చేసి ఊరకుండును. ఆమెకు నష్టము కలిగించినది చట్టము కాదు, న్యాయమూర్తులును కారు. తీర్పు ఆమె గడప వరకు రాకపోవుటయే ఆ నష్టమునకు మూలము.

ఇక ఈ ప్రకటన మన దేశమున ఏ విధముగ వ్యవస్థ పొందినదో చూతము. ఇంగ్లండులో చిరకాలము తీర్పులను వ్రాసికొని అచ్చువేసినవారు ప్రైవేటు వకీళ్లే. ఒకని పుస్తకము నమ్మదగినదిగను, మరియొకని పుస్తకము తప్పులతడకగను ఉండెడిది. 1865లో అక్కడి న్యాయవాదులు ఒక మండలిగా ఏర్పడి క్రమమైన రిపోర్టులు వెలువరింప నారంభించిరి. మన దేశము నుండి లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోయిన అప్పీళ్ల తీర్పులను మూర్ అను న్యాయవాది 1836 మొదలు సంపుటములుగా ప్రకటించెను. 1862లో మద్రాసు హైకోర్టు ఏర్పడిన పిమ్మట దాని తీర్పులు కొన్ని సంపుటములుగా వెలువడినవి. 1875లో ప్రభుత్వము ‘ఇండియన్ లా రిపోర్టుల చట్టము’ చేసినది. మరుసటి సంవత్సరము నుండి కలకత్తా, మద్రాసు, బొంబాయి, అలహాబాదు హైకోర్టుల తీర్పులు నాలుగు వరుసలుగా, ప్రభుత్వాధికారముతో అచ్చగుచు వచ్చినవి.

ఆ చట్టములో ఒక కఠినమైన నిబంధన కలదు. ప్రభుత్వాధికారముతో ప్రకటింపబడిన రిపోర్టును తప్ప మరి యే రిపోర్టును వినవలసిన నిర్బంధము కోర్టులకు లేదనియు, అట్టిదానిని తమను కట్టివేయు ప్రమాణముగా కోర్టులు స్వీకరింపరాదనియు దాని తాత్పర్యము. ఈ నిబంధనను అక్షరాలా పాటించినచో, అచ్చుకు ఎన్నిక కాని తీర్పు పుట్టియు పుట్టనట్లే యగును. అందుచేత కాలక్రమమున కోర్టులే దానికి వెసులుబాటు కల్పించినవి. తీర్పునకు ప్రామాణ్యము తీర్పు వలననే వచ్చును గాని అచ్చయిన పుస్తకము వలన రాదనియు, అచ్చుకాని తీర్పు యొక్క అధికార నకలు తెచ్చి చూపినచో పరిశీలింపవచ్చుననియు అవి వ్యాఖ్యానించినవి. ఈ వ్యాఖ్యానము సమంజసమైనది. అయినను నకలు తేవలెనన్న, అట్టి తీర్పొకటి ఉన్నదని ముందుగా తెలియవలెను!

అచ్చయిన తీర్పు ఎంత దూరము ప్రయాణము చేయునో తెలుగువారి వ్యవహారములే రెండు చాటుచున్నవి. ఏకైక పుత్రుని దత్తత ఇయ్యరాదని వసిష్ఠ స్మృతి చెప్పును. ఇచ్చినచో ఆ దత్తత చెల్లునా, చెల్లదా? చెల్లునని మద్రాసు, అలహాబాదు హైకోర్టులును, చెల్లదని కలకత్తా, బొంబాయి హైకోర్టులును చెప్పుచు వచ్చినవి. శాస్త్రము ఒక్కటే, ఫలితములు రెండు. ఈ భేదము బయటపడినది ఆ తీర్పులు అచ్చయి ఒకదాని ప్రక్క మరియొకటి నిలిచినందువలననే. తుదకు మద్రాసు నుండి పోయిన బలుసు గురులింగస్వామి కేసులోను, అలహాబాదు నుండి పోయిన మరియొక కేసులోను ప్రీవీ కౌన్సిలు 1899లో కలిపి తీర్పు చెప్పినది. వసిష్ఠుని మాట ధర్మబోధయే గాని, జరిగిన దత్తతను రద్దుచేయు శాసనము కాదని నిర్ణయించినది. అప్పటి నుండి దేశమంతట ఒకటే మార్గమైనది.

రెండవది పాకాల నారాయణస్వామి కేసు. 1937 మార్చిలో పూరీ స్టేషనున, రైలు మూడవ తరగతి పెట్టెలో, ఎవరును కోరని ఇనుప ట్రంకులో ఒక మనుష్యుని శవము దొరికినది. మృతుడు పిఠాపురమువాడు. తనకు రావలసిన బాకీ కొరకు బరంపురము పోవుచున్నానని అతడు భార్యతో చెప్పి బయలుదేరెను. చనిపోవుదునని తెలియకమునుపే చెప్పిన ఆ మాటను మరణవాఙ్మూలముగా స్వీకరింపవచ్చునా? ఈ కేసు పాట్నా హైకోర్టు మీదుగా ప్రీవీ కౌన్సిలునకు పోయినది. మరణమునకు దారితీసిన పరిస్థితులను తెలుపు మాట యగుటచే స్వీకరింపవచ్చునని 1939లో ప్రీవీ కౌన్సిలు చెప్పినది. కాని దర్యాప్తులో పోలీసువారితో నిందితుడు చెప్పిన మాటలు సాక్ష్యమునకు పనికిరావని నిశ్చయించి, శిక్షను రద్దుచేసినది. 1872 నాటి సాక్ష్యచట్టము పోయి, 2024 జూలై 1వ తేదీ నుండి క్రొత్త చట్టము వచ్చినది. అయినను మరణవాఙ్మూలమును గూర్చి వాదన వచ్చినచోట న్యాయవాదులు ఈ తీర్పు పుటలను తెరచుచునే యున్నారు.

ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన పిమ్మట ఈ సమస్య మరియొక రూపమున ఎదురైనది. 1954 జూలై 5వ తేదీన గుంటూరులో మన హైకోర్టు ప్రారంభమైనది. క్రొత్త కోర్టునకు క్రొత్త భవనము దొరకును, క్రొత్త ముద్రలు దొరకును. క్రొత్త పూర్వనిర్ణయములు ఒక్కనాడు దొరకవు. సుబ్బరాయుడు కేసులో పూర్ణధర్మాసనము, ఆ తేదీకి పూర్వము మద్రాసు హైకోర్టు చెప్పిన తీర్పులు ఆంధ్ర హైకోర్టును కూడ బద్ధము చేయునని నిర్ణయించినది. అది 1955 నాటి రిపోర్టులలో కానవచ్చుచున్నది. ఆ విధముగా తొంబది సంవత్సరముల రిపోర్టుల సంపుటములు కొత్త రాష్ట్రమునకు పిత్రార్జితముగా సంక్రమించినవి. 2019 జనవరి 1వ తేదీన తెలంగాణకును ఆంధ్రప్రదేశమునకును వేర్వేరు హైకోర్టులు ఏర్పడినపుడు కూడ, ఉభయులకును వెనుక మిగిలిన ఉమ్మడి సొత్తు ఆ తీర్పులే.

ప్రభుత్వపు రిపోర్టులున్నను, వకీళ్ల చేతులలో ఎక్కువగా కనబడినవి ప్రైవేటు పత్రికలు. మద్రాసు లా జర్నలు 1891లోను, ఆలిండియా రిపోర్టరు తరువాతి కాలమునను ప్రారంభమైనవి. ప్రభుత్వపు సంపుటములు ఆలస్యముగా వచ్చుచుండగా, వాదన రేపటికి సిద్ధము చేసికొనవలసిన వకీలు ఎంతకాలము వేచియుండగలడు? ఆ పత్రికలు చేసిన సేవ గొప్పది. కాని చందా కట్టగలవానికే అవి అందెడివి. పట్టణములోని పెద్ద వకీలు గదిలో గోడనిండ అట్టలు, తాలూకా కోర్టులోని చిన్న ప్లీడరు బల్లమీద రెండు పాత సంపుటములు—ఇట్లుండెడిది స్థితి. కక్షిదారు పేదవాడైనచో అతని వకీలు పుస్తకములును పేదవే. న్యాయము ఎదుట ఇరువురును సమానులన్న మాట అచ్చట కొంత కుంటువడినది.

ఆ పుస్తకములలోని తీర్పులు ఎవరి సొత్తు? 1957 నాటి కాపీరైటు చట్టము దీనికి సమాధానము చెప్పుచున్నది. కోర్టు నిషేధించిన సందర్భమున తప్ప, తీర్పును ఎవరైనను ప్రకటింపవచ్చును. 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ విషయమును మరింత విశదము చేసినది. న్యాయమూర్తి వ్రాసిన పాఠము ప్రజలందరిదియు. సంపాదకుడు స్వయముగా కూర్చిన సంగ్రహము, పేరాల విభాగము వంటి వానిపై మాత్రము అతనికి హక్కు కలదు. గింజ అందరిదియు, చెరిగిన చేట చెరిగినవానిది అన్నమాట.

ఈ సంపాదకుని పనిని గూర్చి ఒక మాట చెప్పవలెను. తీర్పు పైభాగమున అచ్చగు సంగ్రహమును హెడ్‌నోటు అందురు. తీరిక లేనివారు దానినే చదివి ముగింతురు. కాని అది న్యాయమూర్తి మాట కాదు, సంపాదకుని మాట. ఏ హేతువు మీద కేసు తేలినదో అది ప్రమాణము. ప్రసంగవశమున వచ్చిన మాటకు ఆ బలము లేదు. రెండింటిని వేరుచేయుటకు పూర్తిపాఠము చదువక తప్పదు. అంతేకాదు, ఆ తీర్పును పిమ్మట ఎవరైనను త్రోసివేసిరా అని కూడ చూడవలెను. ఇందాక చెప్పిన ఆడపడుచు కథలోని నీతి ఇదియే.

సుప్రీంకోర్టు తన తీర్పులను 1950 నుండి ‘సుప్రీంకోర్టు రిపోర్ట్స్’ అను అధికార సంపుటములలో ప్రకటించుచున్నది. 2023 జనవరిలో వీనిని ఇంటర్నెట్టు ద్వారా ఉచితముగా చదువుకొను ఏర్పాటు జరిగినది. 2024 జనవరిలో సుప్రీంకోర్టు వజ్రోత్సవ సందర్భమున 519 సంపుటములు, అనగా 36,308 కేసుల తీర్పులు, ఈ విధముగ అందుబాటులోనికి వచ్చినవి. 2023లోనే ప్రతి తీర్పునకును ఏ ప్రైవేటు పత్రిక పేరుతోను నిమిత్తము లేని సంఖ్య ఒకటి ఇచ్చు పద్ధతి ఆరంభమైనది. సంవత్సరము, కోర్టు గుర్తు, వరుస సంఖ్య—ఇంతే. ఎవరి పుస్తకము కొనని వారును ఆ సంఖ్యతో తీర్పును వెదకికొనవచ్చును. చందా కట్టలేని చిన్న ప్లీడరు, న్యాయశాస్త్ర విద్యార్థి, పల్లెటూరి ఉపాధ్యాయుడు—వీరందరికిని చేతిలోని ఫోనులోనే ఆ గోడనిండ అట్టలు వచ్చి చేరినవి. ధర అను తలుపు తెరచుకొన్నది.

అయినను మరియొక తలుపు మూసియే యున్నది. అది భాష. పార్లమెంటు వేరువిధముగా శాసించువరకు సుప్రీంకోర్టులోను హైకోర్టులలోను కార్యక్రమము ఇంగ్లీషులో సాగవలెనని రాజ్యాంగము 348వ అధికరణము చెప్పుచున్నది. 1963 నాటి అధికారభాషల చట్టము ప్రకారము, రాష్ట్రపతి ముందుగా సమ్మతించినచో, గవర్నరు రాష్ట్రభాషలో తీర్పులకు అనుమతి ఇయ్యవచ్చును; దానికి ఇంగ్లీషు అనువాదము జతపరుపవలెను. ఉత్తర దేశమున కొన్ని హైకోర్టులలో హిందీకి ఇట్టి అవకాశము కలిగినది.

2019 జూలైలో సుప్రీంకోర్టు తన తీర్పులు కొన్నిటి అనువాదములను ప్రాంతీయ భాషలలో ప్రకటింప నారంభించినది. తొలి విడత భాషలలో తెలుగు ఒకటి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనము ఒక ఆస్తి వివాదమున తెలుగులో తీర్పు వెలువరించినది. ఇవి చిన్న అడుగులే యైనను సరియైన దిక్కుగా పడిన అడుగులు.

తీర్పును తెనిగించుట సులభమైన పని కాదు. అనువాదములో యంత్రసహాయము పొందుచున్న ఈ కాలమున ఈ హెచ్చరిక మరింత అవసరము. ఇంగ్లీషులో ‘సెంటెన్స్’ అన్న వాక్యమే కాదు, శిక్ష కూడ. ‘బెంచ్’ అన్న బల్లయే కాదు, ధర్మాసనము కూడ. అప్పీలు చేసికొనుటకు కోర్టువారు ఇచ్చు ‘లీవ్’ అన్నది అనుమతి. దానిని ‘సెలవు’ అని వ్రాసినచో నేటి పాఠకుడు కోర్టు మూతబడినదనుకొనును. విచిత్రమేమన, మన పెద్దలు ‘దొరవారి సెలవైనది’ అన్నపుడు అనుమతి అయినదనియే అర్థము. మాట తెలుగులో లేక కాదు. ఏ కాలపు మాట ఎవరికి తెలియునో ఎరిగి వాడవలెను. చట్టము తెలిసినవారును తెలుగు తెలిసినవారును కలిసి కూర్చుండి, ఒకే పదమును అన్నిచోట్ల ఒకే అర్థమున వాడు నియమము పెట్టుకొననిదే అనువాదము నిలువదు. అనువాదములో ఒక ‘కాదు’ జారిపోయినచో ఒక కుటుంబము ఇల్లు జారిపోవచ్చును. అందుచేతనే అనువాదము చదివినవారు విషయము గ్రహింపవచ్చును గాని, వ్యవహారము నడపునపుడు మూలపాఠమునే ప్రమాణముగా కొనవలెను.

అన్నియు ప్రకటింపవలెనన్నంత మాత్రమున, అందరి పేర్లను బజారున పెట్టవలెనని కాదు. అత్యాచారమునకు గురియైన స్త్రీ పేరును వెల్లడించుట నేరమని చట్టము చెప్పుచున్నది. తీర్పులలో సైతము ఆమె పేరు వ్రాయక, బాధితురాలు అని మాత్రము వ్యవహరించుట ఉచితమని 2003లో సుప్రీంకోర్టు పలికినది. లోకమునకు కావలసినది న్యాయసూత్రము; నొచ్చిన మనిషి చిరునామా కాదు.

కాబట్టి ఉన్నత న్యాయస్థానముల తీర్పుల ప్రకటన విషయమున మేము కోరదగినవని తలచునవి నాలుగు. తీర్పు వెలువడిన కొలదికాలములోనే అధికార పాఠము అందవలెను. దానిని చదువుటకు ధర అడ్డురాకూడదు. పిమ్మటి తీర్పు దానిని మార్చినచో ఆ సంగతి అక్కడనే కనబడవలెను. సామాన్యుల జీవితములను తాకు తీర్పులైనను, నమ్మదగిన తెలుగులో రావలెను. మొదటి రెండును చాలవరకు నెరవేరుచున్నవి. మూడవదానికి సంపాదకుల శ్రద్ధ కావలెను. నాలుగవది ప్రభుత్వముల వలనను, కోర్టుల వలనను, తెలుగు విద్వాంసుల వలనను కలిసి జరుగవలసిన పని.

అంతవరకు శ్రోతలు చేయగలిగినది ఒకటి కలదు. కోర్టు ఇట్లు చెప్పినదని ఎవరైనను చెప్పి కాగితము మీద సంతకము చేయుమన్నచో, ఏ కోర్టు, ఏ సంవత్సరము, ఏ కేసు, తరువాత అది నిలిచినదా అని నాలుగు ప్రశ్నలు అడుగుడు. సమాధానము చెప్పలేనివాని మాట మీద హక్కు వదలుకొనకుడు. కక్షిదారునకు వకీలు నియామకము చేసికొను స్తోమత లేనిచో, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయము కలదు. స్త్రీలును, షెడ్యూల్డు కులములవారును, తెగలవారును ఆదాయముతో నిమిత్తము లేకుండ అక్కడ ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. తీర్పు చదివి చెప్పుమని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. ఆ తీర్పు వారిది కూడ.